ముద్ర పడని వేళ్ళు

గుంటూరు చుట్టుపక్కల మిరప తొడిమలు తీసే పని ఆడవాళ్ళది. గోతాలు పరుచుకుని కూర్చుని, ఎండుకాయలు ఒక్కొక్కటే పట్టుకుని తొడిమ తుంచి పక్కన పడేస్తుంటారు. కిలోల లెక్కన కూలి కాబట్టి చెయ్యి ఆగకూడదు. సాయంత్రానికి వేళ్ళు భగభగ మండుతాయి. ఆ చేత్తో కళ్ళు తుడుచుకోలేరు, చంటిపిల్లను ఎత్తుకోలేరు. ఏళ్ళ తరబడి ఈ పనిలో ఉన్నవాళ్ళ వేలికొనలు చూడండి, గీతలు అరిగిపోయి నున్నగా మెరుస్తుంటాయి.

అలాంటి చేతులున్న ఒక పెద్దావిడ వెనక ఒకసారి నేను చౌకడిపో వరసలో నిలబడ్డాను. డీలరు కార్డు నంబరు కొట్టి మిషను ముందుకు జరిపాడు. ఆమె బొటనవేలు పెట్టింది. పడలేదు. చీరచెంగుతో తుడుచుకుని మళ్ళీ పెట్టింది. పడలేదు. చూపుడువేలు, మధ్యవేలు, తర్వాత ఎడమచెయ్యి. వెనకనుంచి ఎవరో "గట్టిగా నొక్కు పెద్దమ్మా" అన్నారు. ఇంకొకరు "నొక్కితే పడదు, మెల్లిగా ఆనించు" అన్నారు. డీలరు విసుక్కోలేదు. "రేపు పొద్దున పనిలోకి పోకముందు రా" అన్నాడు. ఆమె ఖాళీ సంచి మడిచి చంకన పెట్టుకుని నా వైపు తిరిగింది.

"నేను నేను కాదంటదేంది బాబూ ఇది?"

నా దగ్గర జవాబు లేదు. ఇంటికొచ్చాక కూడా ఆ మాట వదల్లేదు. బడిలో, పంచాయతీలో, బ్యాంకులో, ఆస్పత్రిలో ప్రతి పనీ అంకెలుగా మారిపోతున్న కాలం గురించి ఈ పుస్తకంలో ఇంతవరకూ చాలా చెప్పుకున్నాం. ఈ అధ్యాయంలో మాత్రం ఆమె అడిగిన ఒక్క ప్రశ్నకే కట్టుబడతాను. ఎందుకంటే మిగతావన్నీ ఆ ప్రశ్నలోనే ఉన్నాయని నాకు తర్వాత అర్థమైంది.

తెలుగునాట వేలిముద్రకి చాలాకాలం ఒకటే అర్థం: చదువు రాదని. నిశాని అనేవాళ్ళు. ప్రోనోటు మీద బొటనవేలికి సిరా పూసి ఒత్తించి, పక్కన అది ఫలానావారి నిశాని అని చదువొచ్చినవాడెవడో రాసేవాడు. ఏం రాశాడో వేలు వేసినవాడికి తెలియదు. 'వేలిముద్రగాడు' అన్నది తిట్టు. 1990ల మొదట్లో నెల్లూరు జిల్లాలో అక్షరాస్యతా ఉద్యమం నడిచినప్పుడు, రాత్రిపూట లాంతరు వెలుగులో ఆడవాళ్ళు నేర్చుకున్న మొదటి విద్య తమ పేరు రాయడం. ఆ చదువులనుంచే దూబగుంట ఆడవాళ్ళు సారా మీద తిరగబడ్డారు. సంతకం పెట్టడమంటే అప్పుడు అంత పెద్ద సంగతి. ఇరవై ఏళ్ళు తిరక్కుండానే కాలం మళ్ళీ వేలు చూపించమంది. ఈసారి నిశానివాళ్ళనే కాదు, ప్రొఫెసరునీ కలెక్టరునీ కూడా.

ఈ వేలిముద్ర ఆధునిక పాలనలోకి వచ్చింది కూడా మన దేశంలోనే. 1858లో బెంగాల్‌లో విలియం హెర్షెల్ అనే ఆంగ్లేయ అధికారి, రోడ్డుకి కావలసిన సామాను సరఫరా చేస్తానన్న ఒక గుత్తేదారు చేత ఒప్పందపత్రం వెనక అరచేతి ముద్ర వేయించాడు. రేపు ఆ సంతకం నాది కాదని అనకుండా భయపెట్టడమే ఆయన ఉద్దేశం. తర్వాత ఎన్నో ఏళ్ళు ముద్రలు పోగుచేస్తూ పోయాడు. 1897లో కలకత్తాలో వేలిముద్రల బ్యూరో పెట్టారు. వేలాది ముద్రల్లోంచి కావలసినదాన్ని వెతికిపట్టే వర్గీకరణ పద్ధతి బయటి ప్రపంచంలో ఎడ్వర్డ్ హెన్రీ పేరుతో చలామణీ అయింది. దాని వెనక లెక్కలు కట్టినవాళ్ళు అజీజుల్ హక్, హేమచంద్ర బోస్ అనే ఇద్దరు భారతీయ ఉద్యోగులు. వాళ్ళ పేర్లు కూడా మన పాఠ్యపుస్తకాల్లోకి ఎక్కాలని నా కోరిక. ఇంకో సంగతి గుర్తుంచుకోవాలి. ఈ విద్య అనుమానంలోంచి పుట్టింది. ఎదుటివాడు మాట తప్పుతాడేమో, ఒకడు ఇంకొకడిలా నటిస్తాడేమో అన్నదే దీని మొదటి ప్రశ్న. నూటయాభై ఏళ్ళ తర్వాత బియ్యం పంచడానికి వాడినా ఆ పుట్టుక ఎక్కడికీ పోలేదు.

ఇక ఆ గీతల సంగతి. తల్లి కడుపులో మూడు నెలలు నిండేసరికి శిశువు వేళ్ళ మీద అవి మొదలవుతాయి. వేలికొన మెత్త మధ్యనుంచి ఒక అల, గోరు వైపునుంచి ఒక అల, కీలు మడత దగ్గరనుంచి ఒక అల బయల్దేరి ఎదురెదురుగా వచ్చి కలుస్తాయి. అవి కలిసిన తీరుని బట్టి సుడి, మెలిక, విల్లు ఏర్పడతాయి. కణాలను పెరగమనే రసాయనం ఒకటి, ఆగమనే రసాయనం ఒకటి పోటీపడితే చారలు వాటంతటవే ఏర్పడతాయని గణితవేత్త అలన్ ట్యూరింగ్ 1952లో ఊహించాడు. కంప్యూటర్ శాస్త్రానికి పునాది వేసినవాళ్ళలో ఆయన ఒకడు. వేలి గీతలు నిజంగా అలాగే పుడుతున్నాయని 2023లో ఎడిన్‌బరో పరిశోధకులు చూపించారు. కవలలకు కూడా గీతలు ఒక్కలా ఉండకపోవడానికి కారణం ఇదే. వేలి పరిమాణం రవ్వంత తేడా వచ్చినా అలలు కలిసే చోటు మారిపోతుంది.

గీతకీ గీతకీ మధ్య దూరం సుమారు అర మిల్లీమీటరు. మిషను మీద వేలు ఆనించినప్పుడు గాజు కిందనుంచి కాంతి పడుతుంది. గీత గాజుని తాకినచోట ఒకలా, గాడిలో గాలి ఉన్నచోట మరోలా ఆ కాంతి తిరిగొస్తుంది. అలా వచ్చిన బొమ్మలో యంత్రం చూసేది ముఖ్యంగా రెండు రకాల గుర్తులు: గీత ఎక్కడ ఆగిపోయింది, ఎక్కడ రెండుగా చీలింది. ఒక్కో గుర్తు ఉన్నచోటు, అది ఏ దిక్కుకి ఉందన్న కోణం అంకెలుగా రాసుకుంటుంది. వేలు అంటే యంత్రానికి ఆ కొన్ని డజన్ల చుక్కల పటమే.

చర్మం పొడిబారితే గీత గాజుకి సరిగా ఆనదు. ఒకే గీత నాలుగు ముక్కలుగా కనబడి, లేని అంచులు పుట్టుకొస్తాయి. గట్టిగా నొక్కితే పక్కపక్క గీతలు కలిసిపోయి, లేని చీలికలు పుట్టుకొస్తాయి. ఆరోజు వరసలో సలహా ఇచ్చిన ఇద్దరూ ఒక రకంగా నిజమే చెప్పారు. వయసు మీదపడితే చర్మం బిగువు తగ్గి గీతల ఎత్తు తగ్గుతుంది. ఇటుకలు మోసేవాళ్ళకి, అంట్లు తోమేవాళ్ళకి, బీడీలు చుట్టేవాళ్ళకి, తొడిమలు తీసేవాళ్ళకి పైచర్మం రోజూ అరుగుతుంది. అయితే గీతల అచ్చు పైపొరలో కాదు, దాని కింది పొరలో ఉంటుంది. ఆ చేతికి కొన్ని వారాలు విశ్రాంతి ఇస్తే అరిగినవి మళ్ళీ పైకి లేస్తాయి. ఆ విశ్రాంతి ఎవరికి దొరుకుతుందన్నది శరీరశాస్త్రం చెప్పలేని సంగతి.

ఇక్కడ అంకెకీ వేలికీ ఉన్న తేడా చెప్పాలి. ఆధార్ సంఖ్యలో 12 అంకెలుంటాయి కదా, అందులో చివరిది ఊరికే వేసింది కాదు. ముందున్న 11 అంకెల నుంచి లెక్కగట్టి తీసింది. 1969లో వెర్హూఫ్ అనే డచ్చి గణితవేత్త కనిపెట్టిన సూత్రం అది. మీరు నంబరు కొట్టేటప్పుడు ఒక్క అంకె తప్పినా, పక్కపక్క అంకెలు రెండు తారుమారైనా ఆ చివరి అంకె సరిపోదు, యంత్రం అక్కడికక్కడే పట్టేస్తుంది. అంకెల లోకంలో సమానం అంటే సమానమే. వేలికి ఆ సౌకర్యం లేదు. ఒకే మనిషి ఒకే వేలు రెండుసార్లు పెడితే రెండు బొమ్మలు అచ్చంగా ఒకటి కావు. కాబట్టి యంత్రం ఆమెను నువ్వు నువ్వేనా అని అడగడం లేదు. ఇప్పుడు పెట్టిన వేలు, ఎప్పుడో దాచిన వేలిని ఎంతవరకు పోలి ఉందని చూస్తోంది. ఆ పోలికకి మార్కులు వేస్తోంది. మార్కులు ఒక గీత దాటితే సరే, దాటకపోతే కాదు. ఆ గీత ఎక్కడుండాలో ప్రకృతి నిర్ణయించలేదు. ఆఫీసులో కూర్చున్న మనుషులు నిర్ణయించారు.

గీత కిందికి దించితే దొంగ లోపలికొస్తాడు. పైకి లేపితే ఇంటివాళ్ళే బయట ఉండిపోతారు. బియ్యం జల్లెడ పట్టేవాళ్ళకి ఈ లెక్క కొత్తగా చెప్పక్కర్లేదు. కన్ను పెద్దదైతే మట్టితో పాటు గింజలూ జారిపోతాయి, చిన్నదైతే గింజల్లో మట్టి నిలిచిపోతుంది. రెండు తప్పులనీ ఒకేసారి తగ్గించాలంటే జల్లెడనే మార్చాలి. అంటే మంచి పరికరం, పదివేళ్ళ సమాచారం, కంటిపాప ముద్ర లాంటివి తెచ్చుకోవాలి. అవి తెచ్చుకున్నా ఆ రెండు తప్పుల్లో దేన్ని ఎక్కువ భరిద్దాం అన్న ప్రశ్న మిగులుతుంది. బ్యాంకు ఖాతాకి ఒక జవాబు, నెలకి మనిషికి ఐదు కిలోల బియ్యానికి ఇంకో జవాబు ఉండాలని నా నమ్మకం. ఒకడు ఇంకొకరి బియ్యం పట్టుకుపోతే ఖజానాకి నష్టం. ఒకరి బియ్యం ఆగిపోతే ఆ రాత్రి పొయ్యి వెలగదు. ఈ రెండూ ఒకే తూకం తూగవు.

2018లో ఆధార్ కేసు విచారణలో సుప్రీంకోర్టు ముందుకు వచ్చిన లెక్కల ప్రకారం, ప్రభుత్వ సేవల్లో ధృవీకరణ సఫలమవుతున్నది సుమారు 88 శాతం. మిగతా 12 శాతాన్ని ఎలా చదవాలన్నదే అసలు పాఠం. వందసార్లు వేలు పెడితే 12 సార్లు తప్పుతుంది, ఇంకోసారి పెడితే పడుతుంది అనుకుంటే పెద్ద ఇబ్బందిగా తోచదు. బొమ్మాబొరుసూ లెక్కన చూస్తే మూడుసార్లు వరసగా తప్పడానికి వెయ్యిలో రెండు పాళ్ళు కూడా అవకాశం లేదు. ఆ లెక్క నిజం కావాలంటే ప్రతి తప్పూ దేనికది విడిగా జరగాలి. ఇక్కడ అలా జరగదు. చాలామందికి ఎప్పుడూ పడుతుంది, కొందరికి ఎప్పుడూ పడదు. ఈనెల పడని వేలు వచ్చేనెలా పడదు, ఎందుకంటే కారణం అదృష్టంలో లేదు, చేతిలో ఉంది. ఆ కొందరు ఎవరంటే ముసలివాళ్ళు, కాయకష్టం చేసేవాళ్ళు, కుష్టువచ్చి తగ్గినవాళ్ళు. సగటు చూసినవాడికి వ్యవస్థ బాగానే పనిచేస్తున్నట్టు కనబడుతుంది. ఆ కొందరు మాత్రం ఆ సగటులో కనబడరు. డిజిటల్ పాలన మీద వచ్చే ఏ నివేదికలోనైనా శాతం కనబడితే, ఆ మిగిలిన శాతం నెలనెలా అదే మనుషులా అని అడగండి. నా దృష్టిలో ఇంతకు మించిన ప్రశ్న లేదు.

ఇంతవరకు చదివినవాళ్ళు నేను యంత్రాన్ని ద్వేషిస్తున్నానని అనుకోవచ్చు. ద్వేషించను. దానికి కారణం మన రాష్ట్రంలో జరిగిన ఒక ప్రయోగమే.

2010 ప్రాంతంలో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ఉపాధి హామీ కూలీ, పింఛను సొమ్ము స్మార్ట్‌కార్డుల ద్వారా ఇవ్వడం విస్తరించింది. కార్డులో వేలిముద్రల సమాచారం, ఊళ్ళోనే ఒక మనిషి, ఆ మనిషి చేతిలో చిన్న మిషను. అంతకుముందు డబ్బు కోసం పోస్టాఫీసు చుట్టూ తిరగాల్సి వచ్చేది. కార్తీక్ మురళీధరన్, పాల్ నీహాస్, సందీప్ సుఖ్తాంకర్ అనే ఆర్థికవేత్తలు ప్రభుత్వాన్ని ఒప్పించి, ఎనిమిది జిల్లాల్లో 158 మండలాల్లో ఏ మండలానికి ముందు కార్డులు ఇవ్వాలో, దేనికి తర్వాత ఇవ్వాలో లాటరీ తీయించారు. ఆ మండలాల జనాభా దాదాపు 1.9 కోట్లు. కొత్త మందుని పరీక్షించినట్టు ఒక ప్రభుత్వ పథకాన్ని ఇంత పెద్ద ఎత్తున పరీక్షించడం అరుదు. రెండేళ్ళకి తేలిందేమంటే, కార్డులు వచ్చిన మండలాల్లో కూలి డబ్బు సుమారు ఆరునుంచి పది రోజులు ముందే అందింది. డబ్బు తీసుకోడానికి పట్టే సమయంలో ఒక్కోసారికి 20 నిమిషాలకు పైగా కలిసొచ్చింది. ఉపాధి హామీలో మధ్యలో కారిపోయే సొమ్ము 41 శాతం తగ్గింది.

ఇదే పరిశోధకులు తర్వాత జార్ఖండ్‌లో రేషను మీద ఇలాంటి ప్రయోగమే చేశారు. అక్కడ 1.5 కోట్ల మంది లబ్ధిదారులు. వేలిముద్ర ధృవీకరణ వచ్చాక కారిపోయే సరుకు తగ్గలేదు. సరుకు తెచ్చుకోడానికి జనం పడే శ్రమ, ఖర్చు కాస్త పెరిగాయి. ఆధార్ ముందే జతపడనివాళ్ళకి అందే సరుకు పదిశాతం తగ్గింది. ఆ రాష్ట్రంలోనే సిమ్డేగా జిల్లాలో 2017 సెప్టెంబరులో పదకొండేళ్ళ బాలిక చనిపోయింది. ఆధార్ జతచేయలేదని రేషను కార్డు రద్దయిన ఇల్లు అది. బిడ్డ ఆకలితో పోయిందని కుటుంబం చెప్పింది, జ్వరమని అధికారులు అన్నారు. కార్డు రద్దయిన మాట మాత్రం నిలిచింది.

వేలు అదే, గాజు అదే, గణితం కూడా అదే. ఫలితం మాత్రం ఇక్కడ ఒకటి, అక్కడ ఒకటి. ఎందుకు?

ఆంధ్రలో కార్డు ఉద్దేశం డబ్బుని మనిషి దగ్గరికి చేర్చడం. రెండేళ్ళు గడిచాక కూడా ఆ మండలాల్లో సుమారు సగం చెల్లింపులే కార్డు దారిలో వెళ్ళాయి. కార్డు లేనివాళ్ళకి పాత పద్ధతిలో డబ్బు ఆగలేదు. ఇంజనీరు కళ్ళకి అది సగం విజయమే. నాకైతే అసలు విజయం అందులోనే ఉంది. కొత్త దారి వేస్తూ పాత దారి మూసేయలేదు. జార్ఖండ్‌లో ఉద్దేశం దొంగను ఆపడం. వేలు పడకపోతే గింజ లేదు. పైగా దొంగ వేరే మనిషి రూపంలో రావడం లేదక్కడ. డీలరు అసలైన మనిషి చేతనే వేలు వేయించుకుని, ఇవ్వాల్సినదాంట్లో కొంత తగ్గించి తూచుతాడు. వేలిముద్ర మనిషిని గుర్తుపడుతుంది కానీ తూకాన్ని చూడదు. జబ్బు ఒకచోట ఉంటే మందు ఇంకోచోట రాశారు.

తూకం సంగతికి విరుగుడు ఇంకో వైపునుంచి వచ్చింది, అది కూడా డిజిటల్‌దే. రేషను వివరాలు కాగితం రిజిస్టర్లో ఉన్నన్నాళ్ళు మీ కార్డు ఆ డీలరు చేతిలో బందీ. అవి కంప్యూటర్లోకి ఎక్కాక ఏ డిపోలోనైనా తీసుకోవచ్చు. 2019 ఆగస్టు 9న ఆంధ్రప్రదేశ్, తెలంగాణల మధ్య ఒక రాష్ట్రం కార్డుతో ఇంకో రాష్ట్రంలో బియ్యం తీసుకునే ప్రయోగం మొదలైంది. గుజరాత్, మహారాష్ట్రల మధ్య కూడా అదేరోజు. దేశమంతటికీ ఒకే కార్డు అన్న పథకానికి అవే తొలి అడుగులు. శ్రీకాకుళం నుంచి హైదరాబాద్‌కి తాపీ పనికి వెళ్ళినవాళ్ళకి దాని విలువ తెలుసు. అంతకుముందు ఊరు వదిలితే బియ్యం వదులుకున్నట్టే. ఇంకో డిపోకి పోగలిగినవాడితో డీలరు మాట తీరు కూడా మారుతుంది. మనిషిని పట్టుకునే యంత్రం కంటే మనిషికి కాళ్ళిచ్చిన యంత్రం ఎక్కువ మేలు చేసింది.

ఆఫీసుల సంగతికొస్తే, నాకు అన్నిటికంటే ఇష్టమైన ఉదాహరణ సామాజిక తనిఖీ. ఉపాధి హామీ చట్టం వచ్చిన కొత్తలోనే, 2006 నుంచి, ఉమ్మడి రాష్ట్రంలో ఇది మొదలైంది. 2009లో దీనికోసం విడిగా ఒక సొసైటీ ఏర్పడింది. మస్టర్లు, చెల్లింపులు అన్నీ కంప్యూటర్లో ఉండటంతో వాటిని అచ్చు వేయించుకుని తనిఖీ బృందం ఊళ్ళోకి వెళ్ళేది. కూలీల ఇళ్ళ పిల్లలే, కాస్త చదువుకున్నవాళ్ళు, గడప గడపకీ తిరిగి ఫలానా వారంలో నీకు ఆరు రోజుల కూలి ఇచ్చామని రాసుంది, వచ్చిందా అని అడిగేవాళ్ళు. తర్వాత గ్రామసభలో, ఆ తర్వాత మండల కేంద్రంలో ప్రజావేదిక మీద పేరు పేరునా చదివి వినిపించేవాళ్ళు. చనిపోయినవాళ్ళు చెరువు తవ్వినట్టు, వలస పోయినవాళ్ళు మొక్కలు నాటినట్టు రాసిన రాతలు అక్కడ బయటపడేవి. కాగితం రిజిస్టరు ఒక్క ప్రతి మాత్రమే, అది అధికారి బీరువాలో ఉండేది. కంప్యూటర్ దాన్ని ఊరందరి ముందుకీ తెచ్చింది. అయితే యంత్రం అబద్ధాన్ని కనిపెట్టలేదు. కనిపెట్టింది తన పేరు చదివినప్పుడు లేచి నిలబడి "నాకు రాలేదు" అన్న మనిషి. యంత్రం ఆ మనిషికి ఏం చదవాలో అందించింది.

అదే పథకంలో తర్వాత వచ్చిన ఇంకో పద్ధతి చూడండి. 2023 జనవరి నుంచి పనిచోట రోజుకి రెండుసార్లు కూలీల ఫోటో తీసి, సమయం, స్థలం సహా యాప్‌లో ఎక్కించడం తప్పనిసరి చేశారు. ఉద్దేశం దొంగ హాజర్లు ఆపడం. 2025 జులైలో కేంద్ర గ్రామీణాభివృద్ధి శాఖే రాష్ట్రాలకి లేఖ రాయాల్సి వచ్చింది: పనికి సంబంధం లేని ఫోటోలు ఎక్కిస్తున్నారు, ఫోటోనే మళ్ళీ ఫోటో తీసి పంపుతున్నారు, ఎవరూ సరిచూడటం లేదు అని. మరోపక్క సిగ్నల్ లేని తావుల్లో నిజంగా మట్టి తవ్వినవాళ్ళ హాజరు పడక కూలి పోయింది. సామాజిక తనిఖీలో సమాచారం కిందికి, కూలీ చెవిదాకా వచ్చింది. ఈ యాప్‌లో సమాచారం పైకి మాత్రమే పోతుంది. పైన దాన్ని చూసేవాడికి ఆ కూలీ తెలియదు. కూలీకి ఆ ఫోటో ఏమైందో తెలియదు. సంస్థలు డిజిటల్ అయినప్పుడు ఏం జరుగుతుందని ఎవరైనా అడిగితే, సమాచారం ఎటు ప్రవహిస్తోందో ముందు చూడమంటాను.

బడిలోనూ ఈ రెండు ప్రవాహాలే. 2022 ఆగస్టులో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వ బడుల్లో టీచర్లకి ముఖం చూపి హాజరు వేసే యాప్ పెట్టారు. సొంత ఫోన్లలో మా చేత ఎందుకు చేయిస్తారని సంఘాలు అభ్యంతరం చెప్పాయి. దానికి ముందే మధ్యాహ్న భోజనం ఫోటో, మరుగుదొడ్డి ఫోటో ఉండేవి. ఇవన్నీ పైకి పోయే సమాచారమే. టీచరు బడిలో ఉన్నాడని యాప్ చెబుతుంది. బోర్డు మీద రాసింది మూడో బెంచీ పిల్లకి అర్థమైందో లేదో చెప్పదు.

యంత్రం ఆ పిల్ల సంగతే చూస్తే ఏమవుతుందో ఢిల్లీలో జరిగిన ఒక ప్రయోగం చూపించింది. బడి అయ్యాక నడిచే కేంద్రాల్లో పిల్లలు సగం సమయం కంప్యూటర్ మీద, సగం సమయం చిన్న గుంపులో ఒక టీచరు దగ్గర గడిపేవాళ్ళు. కంప్యూటర్ ముందుగా పిల్ల స్థాయి ఎక్కడుందో చూస్తుంది. ఆరో తరగతి పిల్లలు లెక్కల్లో సగటున రెండున్నర తరగతులు వెనకబడి ఉన్నారని అక్కడ తేలింది. 2.5 పెద్దదా, 2.45 పెద్దదా అంటే చాలామంది పిల్లలు 2.45 అంటారు, 5 కంటే 45 పెద్దది కదా అని. దాన్ని ఊరికే తప్పని కొట్టేయకుండా, దాని వెనకున్న ఆలోచన పట్టుకుని అక్కణ్ణుంచి పాఠం మొదలుపెట్టడం ఆ తరహా సాఫ్ట్‌వేర్ పని. నాలుగున్నర నెలల్లోనే లెక్కల్లోనూ హిందీలోనూ స్పష్టమైన మెరుగుదల కనబడింది. వెనకబడ్డ పిల్లలకి లాభం ముందున్నవాళ్ళతో సమానంగా వచ్చింది. మామూలు తరగతి గదిలో జరగనిది అదే. పెరూ దేశంలో మరో రకంగా చేశారు. పల్లె బడుల్లో పిల్లలందరికీ లాప్‌టాప్‌లు పంచారు. 319 బడుల్లో పదిహేను నెలల తర్వాత పరీక్షపెట్టి చూస్తే లెక్కల్లో గానీ భాషలో గానీ తేడా లేదు. 2022 డిసెంబరులో మన ఎనిమిదో తరగతి పిల్లల చేతికి ట్యాబ్‌లు ఇచ్చినప్పుడు ఆ పెరూ కథ నాకు గుర్తొచ్చి గుబులేసింది. పిల్ల చేతిలో ఏం పెట్టామన్నది సులువైన లెక్క. పిల్ల తప్పు చేసినప్పుడు ఆ కబురు ఎవరికి అందుతోంది, వాళ్ళు ఏం చేయగలరు అన్నది కష్టమైనది. కష్టమైన లెక్క చేసినచోటే చదువు కదిలింది.

ఇప్పుడు మళ్ళీ చౌకడిపో దగ్గరికి వస్తాను. 2018 సెప్టెంబరు 26 తీర్పులో సుప్రీంకోర్టు, ధృవీకరణ పడలేదన్న కారణంతో అర్హులైనవాళ్ళకి పథకం ఆపకూడదని చెప్పింది. వేలు పడకపోతే ఓటీపీ, కంటిపాప, అదీ కాకపోతే ఊరి అధికారి ధృవీకరణ అంటూ దారులున్నాయి. కాగితం మీద ఉన్న ఆ దారులు ఆ కౌంటరు దగ్గర నిలబడ్డ మనిషికి తెలియాలి. డీలరుకి వాటిని వాడే ధైర్యమూ ఉండాలి. తిప్పి పంపితే అతన్ని అడిగేవాడు లేడు. వేలు లేకుండా ఇస్తే మాత్రం సంజాయిషీ చెప్పుకోవాలి. అతని స్థానంలో ఉంటే నేనూ "రేపు రా" అనేవాణ్ణేమో. ఆమెకి ఆ 'రేపు' అంటే ఒకపూట కూలి.

పదివేళ్ళలో ఏది బాగా పడుతుందో చూసిపెట్టే సదుపాయం కూడా ఆధార్ వ్యవస్థలో ఉంది. ఆ సంగతి ఆమెకి ఎవరూ చెప్పలేదు, తనే కనిపెట్టుకుంది. కొన్ని నెలల తర్వాత మిరప కల్లంలో మళ్ళీ కనబడింది. ముక్కుకి గుడ్డ కట్టుకుని, ఒడినిండా కాయలతో కూర్చుని ఉంది. ఎడమచేతి ఉంగరపు వేలికి పాత చీరపేలిక చుట్టి దారంతో కట్టుంది. దెబ్బ తగిలిందా అని అడిగాను.

"లేదు బాబూ, ఇది పడే వేలు" అంది. ఆ వేలు కాయలకి తగలకుండా పక్కకి చాపి పెట్టి, మిగతా వాటితో తొడిమలు తీస్తోంది.